మంజీర ఒడ్డున మూటలు విప్పే హన్మవ్వ

హన్మవ్వ ఏటా పండరికి బయలుదేరేది. ఏటా మంజీర ఒడ్డు దాకా నడిచి వెనక్కి తిరిగేది. నది అవతలి ఇసుక మీద ఆమె కాలు పడగా చూసినవాళ్లు లేరు.

జ్యేష్ఠ పున్నమి దాటాక, తొలకరి పడి నేల మెత్తబడ్డాక, ధర్పల్లి వైపు పల్లెల నుంచి ఓ గుంపు తాళాలూ మృదంగమూ పట్టుకుని కదిలేది. నిజామాబాదులో పట్నం వాళ్లు కొందరు కలిసేవారు. అక్కడి నుంచి ఎడపల్లి, బోధన్, ఆ తర్వాత చెరుకు తోటల నడుమ బండ్ల బాట పట్టుకుని మంజీర రేవు. అవతల అన్నీ మరాఠీ ఊళ్లు. ఆషాఢ ఏకాదశికి పండరిపురం చేరాలంటే అక్కడి నుంచి ఇంకా పక్షం రోజులకు పైనే నడవాలి. రేవు దాకా ఒక ఎడ్లబండి వెంట వచ్చేది. అక్కడితో బండి ఆగిపోతుంది. అటుపైన ఎవరి బరువు వాళ్ల నెత్తినే.

అందుకే నావ ఎక్కే ముందు మూటలు విప్పే ఆచారం. ప్రతివాళ్లూ తమ మూట తెచ్చి హన్మవ్వ ముందు పెట్టాలి. ఆమె విప్పి చూసి, అక్కరలేనివి తీసి బండిలో వేస్తుంది. తిరిగి వచ్చేటప్పుడు వాటిని ఎవరింటివి వాళ్లింట్లో అప్పజెబుతుంది. మూటలే కాదు, మనుషుల్నీ చూస్తుంది. జ్వరం తగిలినవాళ్లనూ, కాళ్లు బొబ్బలెక్కినవాళ్లనూ బండెక్కించి ఇంటికి తీసుకుపోతుంది. రేవు దగ్గర ఆమె మాటకు ఎదురు లేదు.

ఈ పెత్తనం ఆమెకు ఎవరూ ఇవ్వలేదు. మొదటి ఏడు ఆమె వచ్చింది మొగుణ్ణి సాగనంపడానికి. పోశన్న పసుపు పండించడంలో దిట్టే గాని మూట కట్టడం చేతకానివాడు. ఒడ్డున మూట ఎత్తబోయి కూలబడ్డాడు. హన్మవ్వ నలుగురిలోనే ముడి విప్పింది.

"గొడ్డలెందుకయా?"

"తొవ్వల కట్టెలు కొట్టుకోవద్దా?"

"ఇంటికాడ ఎన్నడన్న కొట్టినవా, తొవ్వల కొట్టెతందుకు?"

చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు. నవ్వినవాళ్లే ఒక్కొక్కరుగా తమ మూటలు కూడా తెచ్చి ఆమె ముందు దించారు. ఒకడి మూటలో కత్తి నూరే రాయి దొరికింది. ఒకామె మూటలో తాళంకప్ప ఉంది. "తలుపు కూడా తెచ్చినవా అక్కా?" అని హన్మవ్వ అడిగితే, "చేతుల తాళముంటే ధైర్యంగుంటది" అందట ఆమె. తాళంకప్ప బండిలోకి పోలేదు. దాన్ని హన్మవ్వే మళ్లీ మూటలో పెట్టి కట్టింది. ఏది తీసేస్తుందో, ఏది ఉంచుతుందో ముందుగా ఎవరికీ అంతుపట్టేది కాదు. మనుషులు ఇల్లు వదిలేటప్పుడు వెంట ఏం తీసుకుపోతారో చూడటమంటే ఆమెకు తగని ఆసక్తి. బతుకమ్మ పండగ కన్నా ఆ రేవు రోజు కోసమే ఎక్కువ ఎదురుచూసేది.

పంతొమ్మిది వందల అరవై మూడులో గుంపులో మార్కండేయ అనే సైన్సు మాస్టరు కలిశాడు. నిజామాబాదు వాడు. తల్లి బీడీలు చుట్టి చదివిస్తే హైదరాబాదులో బి.ఎస్సీ. చేసి, సొంత ఊళ్లోనే హైస్కూల్లో పాఠాలు చెబుతున్నాడు. సెలవు దొరికినంత వరకు, అంటే రేవు దాకానే అతను వస్తున్నాడు. పండరి దాకా పోయేది అతని భార్య సుమిత్రమ్మ, చంకలో పది నెలల రుక్మిణి. తోడుగా పక్కింటి లింగవ్వ.

రుక్మిణి నెలలు నిండకుండా పుట్టింది. పిల్లిపిల్లంత ఉండేది. దూదిలో చుట్టి, పక్కన వేడినీళ్ల సీసాలు పెట్టి కాపాడుకున్నారు. ఆ రోజుల్లో సుమిత్రమ్మ మొక్కుకుంది: పిల్ల దక్కితే, ఏడాది నిండకముందే నడిచివచ్చి పాండురంగని పాదాల మీద పెడతానని. పిల్ల దక్కింది, బుగ్గలు కూడా వచ్చాయి. మార్కండేయకు మాత్రం ఆ దూది రోజులు ఇంకా పోలేదు. పిల్ల నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేవాడు. బడి నుంచి స్ప్రింగు త్రాసు తెచ్చి, చీరగుడ్డ ఉయ్యాల కట్టి పిల్లను తూచేవాడు. మొక్కును కాదనే ధైర్యం లేక, ప్రయాణాన్ని ఔననే ధైర్యమూ లేక, చివరికి ఒక పెద్ద మూట కట్టి బండిలో వేశాడు.

మొదటి రోజు ఎడపల్లి దాకా నడక. వెనకవాళ్ల పాట ముందువాళ్లకు అందక, ముందువాళ్లది వెనకవాళ్లకు అందక, గుంపు నడుమ ఎప్పుడూ రెండు పాటలు కలిసి వినబడేవి. మార్కండేయ వెనక వరసలో నడుస్తూ హన్మవ్వను చూశాడు. పొడుగు మనిషి. ఒక్కచోట నిలకడ లేదు. ఇప్పుడు ముందు, కాసేపటికి వెనక. ఎవరి పక్కన చేరినా ఏదో ఒకటి అడుగుతూనే ఉంది.

"ఇంత నడిచేటామె పండరికి ఎందుకు పోదు?" అన్నాడు లింగవ్వతో.

"ఆమెకు నీళ్లంటే భయమట. నావ ఎక్కదట."

బండి తోలే ఎర్రన్న మెడ తిప్పి, "భయం గాదు సారు, కొడుకు నదిల పోయిండట" అన్నాడు.

"ఎవరు చెప్పిండ్రు?"

"ఎవలో అన్నరు. గట్ల లేకపోతే ఎందుకు ఎన్కకు మర్లుతది?"

మూడో మనిషి, మొగుడే పంపడని తేల్చేశాడు.

మార్కండేయ మనసుకు పని దొరికింది. ఊహలు మూడున్నాయి, ఒక్కొక్కటే పరీక్షించి చూడాలి. కొంతదూరం పోయాక వాగు అడ్డం వచ్చింది. అందరూ లోతు చూసి వెనకాడుతుంటే హన్మవ్వ చీర ఎగజెక్కుకుని నడుము లోతు నీళ్లలో దిగి, అటూ ఇటూ తిరిగి, "ఇటు రాండ్రి, ఇటు ఇసుక గట్టిగున్నది" అని చేయి ఊపింది. మొదటి ఊహ వాగులోనే కొట్టుకుపోయింది. పిల్లలెందరవ్వా అని అడిగితే, "ముగ్గురు కొడుకులు, ముగ్గురూ పొలం కాడ నా పాణం తీస్తున్నరు" అంది. రెండోదీ పోయింది. ఎడపల్లిలో జొన్నరొట్టె తింటున్న పోశన్న పక్కన కూర్చుని మూడోది అడిగాడు.

"నేనా పంపనిది?" పోశన్న రొట్టె పక్కన పెట్టాడు. "ఏటేటా రమ్మంటనే ఉన్న. అడిగి అడిగి నా నోరు నొస్తున్నది. నీకేమన్న చెప్తే నాకు గూడ చెప్పు సారు."

మూడు ఊహలూ పోయేసరికి అతనికి అది మరింత వింతగా తోచింది. కాని ఆ సాయంత్రం అతను హన్మవ్వ దగ్గరికి పోయింది ఆ ప్రశ్న అడగడానికి కాదు. బావి గట్టు మీద ఆమె ఒక్కతే ఉండగా చూసి, గొంతు తగ్గించి అన్నాడు.

"అవ్వా, నది కాడ నా భార్యను వెనుకకు పంపియ్యి. నీ మాటయితే వింటది."

"పోరికి పాణం బాగలేదా?"

"బాగనే ఉంది."

"తల్లికా?"

"ఆమెకూ బాగనే ఉంది."

"మరింకేంది?"

"తొవ్వల బాగుండకపోతే?"

హన్మవ్వ అతన్ని తేరిపార చూసింది. ఔనని గాని కాదని గాని అనలేదు. "బండిల ఆ పెద్ద మూట నీదేనా సారు? గుంత వచ్చినప్పుడల్ల గల్లుగల్లుమంటున్నది. ఏమున్నయి దాంట్ల?" అని మాత్రం అడిగింది. అతను మళ్లీ బతిమాలబోతుంటే చేయి అడ్డం పెట్టి, "రేవు కాడ సూద్దం" అంది. అతను ఇవతలికి వచ్చి తిరిగి చూసేసరికి, ఆమె పక్కన బావి గట్టు మీద సుమిత్రమ్మ కూర్చుని ఉంది. నీళ్ల కోసం వచ్చిందనుకున్నాడు.

మర్నాడు పొద్దున హన్మవ్వ వచ్చి, "దా బిడ్డా" అని రుక్మిణిని తన చంకన వేసుకుంది. బోధన్ దాకా దించలేదు. పిల్ల ఎప్పుడు పాలకు ఏడుస్తుంది, ఎంతసేపు నిద్రపోతుంది, ఎండకు ఎట్లా ఉంటుంది, అన్నీ గమనిస్తున్నట్టే ఉంది. మార్కండేయ ఆగలేక గొడుగు తెరిచి, పక్కనే నడుస్తూ పిల్లకు నీడ పట్టాడు. నీడ పిల్ల మీదే కాక హన్మవ్వ మీద కూడా పడింది.

"ఓ పోశన్నా!" అని ఎవరో కేక పెట్టారు. "సూడు, నీ పెండ్లాం దొరసానయ్యింది! సర్కారు సారు ఛత్రి పడుతున్నడు!"

"పట్టనీ," అంది హన్మవ్వ. "ముప్పయ్యేండ్లల నీ అన్న ఒక్కనాడు పట్టకపాయె."

బోధన్ దగ్గర చక్కెర ఫ్యాక్టరీ పొగగొట్టం కనబడింది. గానుగ కాలం కాదు గనుక పొగ లేదు. గాలిలో చెరుకు మడ్డి వాసన మాత్రం పలచగా ఉంది. పచ్చటి చెరుకు రసం తెల్లటి చక్కెర ఎట్లా అవుతుందని హన్మవ్వ అడిగింది. సున్నం కలిపితే మురికి అడుగుకు దిగుతుందని, గంధకం పొగతో రంగు విరుగుతుందని అతను చెప్పాడు. చెబుతున్నంతసేపు గొడుగు పక్కకు ఒరిగిన సంగతే మరిచిపోయాడు.

"పసుపును తెల్లగ జేసే మందు గూడ ఉన్నదా సారు?"

"ఉంటది. కాని పసుపును తెల్లగ చేసి ఏం చేస్తవు?"

"ఏం జేస్త? ఉత్తగనే అడిగిన."

అతనికి నవ్వు వచ్చింది. బడిలో ఇట్లా ఉత్తగనే అడిగే పిల్లలు ఏడాదికి ఒకరు కూడా దొరకరు.

పొద్దు వాలుతుండగా రేవు చేరారు. మంజీర ఇంకా నిండలేదు. ఎర్రటి కొత్త నీరు నడుమ పాయలోనే పారుతోంది. ఉన్నది ఒక్క నావ. నావ నడిపే లింబయ్య, చీకటి పడేలోగా సగం మందినే దాటించగలనని, మిగిలినవాళ్లను తెల్లారి దాటిస్తానని చెప్పాడు. పోశన్న మొదటి దఫాలోనే పోయాడు. అతని మూటలో ఈసారి హన్మవ్వకు తీసేయడానికేమీ దొరకలేదు.

"నేర్సుకున్నవు పో," అంది.

పట్నం వాళ్ల వంతు వచ్చింది. లింగవ్వ మూటలో సగానికి సగం బీడీలు చుట్టే తునికాకు, కత్తెర, తంబాకు. "దేవుని కాడికి పోతున్నవా, కార్ఖానకు పోతున్నవా?" అని జనం ఎగతాళి చేశారు. "తొవ్వల చుట్టి అమ్ముకుంట. దేవుడు నాకు బువ్వ పెడ్తడా?" అంది లింగవ్వ. హన్మవ్వ ఆ ఆకు ముట్టుకోలేదు. "మంచిగ తడిగుడ్డల చుట్టుకో, ఎండుతది" అని చెప్పి పక్కకు జరిపింది.

తర్వాత మార్కండేయ మూట. ముడి విప్పేసరికి చుట్టూ గుంపు చేరింది. కిరసనాయిలు స్టవ్వు, కిరసనాయిలు సీసా. పాలపొడి డబ్బా. దోమతెర. నీళ్లల్లో వేసే ఎర్ర మందు. జ్వరం చూసే గాజు పుల్ల. నీళ్ల క్యాను. గుడ్డ పేలికలు, దూది, మూడు రకాల అరుకు మందులు. చివరికి స్ప్రింగు త్రాసు.

"గిదెందుకు? కూరగాయలమ్ముతందుకా?" అన్నారెవరో.

"పోరిని తూస్తడట!" అంది లింగవ్వ.

నవ్వులు. మార్కండేయ నవ్వలేదు. ఒక్కొక్క వస్తువు ఎందుకో ఓపికగా చెప్పాడు. కాచి చల్లార్చిన నీళ్లే పిల్లకు తాగించాలని, వానాకాలం నీళ్లతోనే కలరా వస్తుందని గట్టిగా అన్నాడు. హన్మవ్వ శ్రద్ధగా విని, "నిజమే. పోయినేడు ఇద్దరు నీళ్లతోనే పడ్డరు" అంది. అయినా స్టవ్వును, త్రాసును పక్కన పెట్టింది. "మజిలీ మజిలీకి పొయ్యిలుంటయి. నీళ్లు అండ్ల కాగవా?" తీసేసినవన్నీ పక్కన గుడ్డ పరిచి దాని మీద పెట్టింది. బండిలోకి తెల్లారి వేద్దామంది.

ఆ పని నడుమనే ఆమె చూపు సుమిత్రమ్మ పాదం మీద పడింది. "చెప్పు ఇడువు బిడ్డా." సుమిత్రమ్మ విడవలేదు. హన్మవ్వే వంగి విప్పింది. కొత్త చెప్పు పట్టీ కింద ఎడమ మడమ తోలు లేచి, నెత్తురు గడ్డకట్టి ఉంది.

"ఎప్పటిసంది?"

"నిన్నటి సంది."

"చెప్పకపోతివేం?"

సుమిత్రమ్మ మొగుడి వైపు చూసి తల దించుకుంది.

"ఇటు నెత్తురు వచ్చిన కాలు అటు దాటదు," అంది హన్మవ్వ. "అవుతల బండి లేదు, మనోళ్లు లేరు. చంకల పోరి, నెత్తిన మూట. రేపు బండెక్కు."

మార్కండేయ కోరుకున్న మాట అదే. అది చెవినపడ్డ క్షణాన గుండెల మీద బరువు దిగాలి. దిగలేదు. సుమిత్రమ్మ ఏడవలేదు. విప్పిన చెప్పును చేతిలోకి తీసుకుని, దానికంటిన ఇసుకను గోటితో గీకుతూ కూర్చుంది. పిల్ల దూదిలో ఉన్నన్నాళ్లు కూడా ఆమె ఇట్లా కూర్చోవడం అతను చూడలేదు.

"అవ్వా, అది పైతోలే," అన్నాడు అప్రయత్నంగా. "లోపల చీము లేదు. ఉప్పు నీళ్లతో కడిగి, గుడ్డ కట్టి, ఆ చెప్పులు తీసేస్తే రెండు దినాలల్ల మానుతది."

హన్మవ్వ నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఎడపల్లిల బాయి కాడ నువ్వే గదా సారు, ఎన్కకు పంపియ్యి అని మొక్కింది?"

మార్కండేయ చెవులు వేడెక్కాయి. సుమిత్రమ్మ నెమ్మదిగా తల ఎత్తింది.

"నాకెరికే," అంది. "ఆయన అట్ల అడుగుతడని నాకు ముందే ఎరికె. అడిగితే వినకని నేను గూడ పోయి చెప్పిన."

"ఒకే బాయి కాడ, ఒకలెన్క ఒకలు," అంది హన్మవ్వ జనంతో. "నేను ఎవలి మాట ఇనాలె?"

ఈసారి నవ్విన వాళ్లలో సుమిత్రమ్మ కూడా ఉంది. నవ్వుతూనే మొగుడి వైపు చూసిన చూపులో మాత్రం నవ్వు లేదు. "ఇంట్లనే చెప్పొద్దా నాకు?" అంది.

"చెప్తే ఆగుదువా?"

"ఆగకపోతుంటి. కాని నీ నోటితోని ఇంటుంటి."

మార్కండేయ పొయ్యి రాజేసి నీళ్లు కాచి, ఉప్పు వేసి, ఆమె మడమ తానే కడిగాడు. మంటకు ఆమె అతని భుజం గట్టిగా పట్టుకుంది. హన్మవ్వ పక్కనే కూర్చుని గుడ్డ కట్టే పద్ధతి చూసింది. తెల్లారి మళ్లీ చూస్తానంది. అంతకు మించి ఒప్పుకోలేదు.

తల్లీ పిల్లా పడుకున్నాక మార్కండేయ హన్మవ్వను అడిగేశాడు. "నువ్వెందుకు దాటవవ్వా?"

హన్మవ్వ నది వైపు చూసింది. అవతల ఒడ్డున వంట మంటలు కనబడుతున్నాయి.

"ఆయన అవుతల ఉన్నడు గన్క చెప్తున్న. ఆయన పండరికి పోయినన్ని దినాలు ఇంటి తాళం చెయ్యి నా బొడ్ల ఉంటది. పసుపు ఏ మడిల పెట్టాలె, కూలోళ్లను ఎందర్ని పిలువాలె, నన్ను అడుగుతరు. పొద్దుగూకి చెలుక గట్ల మీద ఒక్కదాన్నే తిరుగుత. ఏడికి పోయినవు అనేటోడు ఉండడు. ఏడాదిల గవ్వే నా దినాలు. పండరికి పోతే పోగొట్టుకోనా?"

"దుఃఖమేమో అనుకున్న."

"అందరు గట్లనే అనుకుంటరు. అనుకోని. దేవునికి గూడ ఆయనతోనే చెప్పి పంపిస్త, ఆమెకు పనున్నదని." సుమిత్రమ్మ పడుకున్న వైపు గడ్డం ఎత్తి చూపింది. "ఆమె గూడ పుట్టిన సంది మీ గల్లీ దాటలేదట. బాయి కాడ చెప్పింది. మొక్కు సరే, తొవ్వ గూడ సూడాలె అన్నది."

మార్కండేయకు ఇది తెలియదు. మొక్కు గురించి ఆలోచించాడు, పిల్ల గురించి ఆలోచించాడు. తోవ చూడాలని ఆమెకు ఉంటుందని తట్టనే లేదు.

తెల్లారింది. నావ సిద్ధంగా ఉంది. హన్మవ్వ సుమిత్రమ్మ చంకకు పిల్లనిచ్చి, నెత్తిన మూట పెట్టించి, నీటి అంచున తడి ఇసుక మీద నడవమంది. సుమిత్రమ్మ వట్టి కాళ్లతో నిటారుగా నడిచింది. ముఖంలో నొప్పి జాడ లేదు. హన్మవ్వ ముఖం చూడలేదు. వంగి అడుగుల గుర్తులు చూసింది.

"సారు, ఇటు రా. నువ్వే సూసి చెప్పు."

మార్కండేయ కూర్చుని చూశాడు. కుడి మడమ ఇసుకలో గుంతగా దిగింది. ఎడమ మడమ దిగలేదు. మునివేళ్ల గుర్తే లోతుగా ఉంది. నొప్పిని మునివేళ్ల మీదికి తోసి నడుస్తోంది. అట్లా ఇంకో రెండు రోజులు నడిస్తే పిక్క పట్టేస్తుంది. సుమిత్రమ్మ దూరం నుంచి అతన్నే చూస్తోంది. బాగుందని అనేయడానికి నోరు తెరిచాడు, అనలేకపోయాడు.

"ఎడమ మడమ ఆనిస్తలేదు," అన్నాడు.

సుమిత్రమ్మ పెదవి బిగించింది.

అతను లేచి ఆమె దగ్గరికి పోయి నెత్తి మీది మూట దించాడు. రాత్రి హన్మవ్వ సగం ఖాళీ చేసినా ఇంకా బరువుగానే ఉంది. పాలపొడి డబ్బా తీశాడు. దోమతెర తీశాడు. అరుకుల సీసాలు, ఎక్కువ దుప్పటి తీశాడు. ఒక్కొక్కటి తీసేటప్పుడు చేయి ఆగింది, అయినా తీశాడు. చీర, పిల్ల బట్టలు, నీళ్ల క్యాను, ఎర్ర మందు, జ్వరం చూసే పుల్ల మిగిలాయి. అవి చిన్న మూట కట్టి లింగవ్వ చేతికిచ్చాడు.

"ఇది నువ్వు పట్టుకుంటవా అక్కా, ఆ కాలు మానేదాక?"

"తే. తునికాకు కన్న నయమే," అంది లింగవ్వ.

"ఇప్పుడు నడువు," అన్నాడు భార్యతో. "మెల్లగ. నా కోసం నడువకు."

సుమిత్రమ్మ చంకలో పిల్లతో మళ్లీ నడిచింది. ఈసారి నిటారుగా నడవలేదు, మామూలుగా నడిచింది. హన్మవ్వా అతనూ పక్కపక్కన వంగారు. ఎడమ మడమ కుడిదంత లోతుగా లేదు. కాని దిగింది. గుండ్రంగా, స్పష్టంగా, అంచున నీరు ఊరుతూ.

హన్మవ్వ చాలాసేపు చూసింది. "నడుమ ఒక దినం ఎక్కువ ఆగమని అవుతల ఉన్న మా ఆయనకు చెప్పు, నేను చెప్పిన్నని," అంది సుమిత్రమ్మతో. "మడమ మానకుంట ముందుకు తోల్కపోతే ఇంటికి రానియ్యనని గూడ చెప్పు. ఎక్కు."

నావలో ఎక్కడానికి సుమిత్రమ్మ పిల్లను ఒక్క నిమిషం అతని చేతికిచ్చింది. అతను అలవాటుగా ముక్కు దగ్గర వేలు పెట్టబోయాడు. రుక్మిణి ఆ వేలిని పట్టుకుని నోట్లో పెట్టుకుంది. కళ్లు మాత్రం నీళ్ల మీదే ఉన్నాయి. అంత నీరు ఒక్కచోట అది ఎన్నడూ చూసి ఉండదు. సుమిత్రమ్మ చేతులు చాపింది. అతను పిల్లను అందించాడు.

లింబయ్య గెడ వేశాడు. నావ ఒడ్డు విడిచింది.